తిరుపతి నుంచి అండమాన్‌కు: ఈత రాని కుటుంబం పగడపు దిబ్బల మీద స్నార్కెలింగ్ చేయవచ్చా?

కొర్లగుంట_వాసి (తిరుపతి)
జనవరి 5, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంక్రాంతి దాటాక అండమాన్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, మా అమ్మ. చెన్నై దాకా కారు, అక్కడి నుంచి విమానం. హావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, గైడుతో పాటు పడవలో పగడపు దిబ్బల మీదికి తీసుకెళ్తారట. మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టం పట్టుకుని, నీళ్ల మీద బోర్లా తేలుతూ కింద ఉన్నదంతా చూడవచ్చట. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసిన రోజు నుంచి మా అమ్మాయికి ఇదే ధ్యాస.

మా భయాలు కూడా చెబుతాను. ఇంట్లో ఒక్కరికీ ఈత రాదు. నాకు మైనస్ 3 కళ్లజోడు ఉంది. అమ్మకు 63 ఏళ్లు, రక్తపోటుకు మాత్ర వేసుకుంటుంది. ప్రయాణానికి వారం ముందు అబ్బాయికి కొండ మీద తలనీలాల మొక్కు ఉంది. సముద్రం అంటే మాకు తెలిసింది తూపిలిపాళెం ఒడ్డున మోకాలి లోతు వరకే. వెళ్లి వచ్చినవారు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కుప్పం_బావి_ఈత
జనవరి 5, రాత్రి 10:25

అన్నా, లైఫ్ జాకెట్ వేస్తారు కాబట్టి మునిగే భయం చాలా తక్కువ. గైడు ఒక గాలి ట్యూబుకు తాడు కట్టి లాక్కుంటూ వెళ్తాడు, దాన్ని పట్టుకుని తేలితే చాలు. ఇబ్బంది మరో చోట వస్తుంది. ముఖం నీళ్లలో పెట్టి నోటితో ఊపిరి తీసుకోవాలి. పుట్టినప్పటి నుంచి ముక్కుతో తీసుకున్నవాళ్లం కదా, మొదటి నిమిషంలో ఛాతీ దడదడలాడుతుంది. ఎవరో గొంతు పట్టుకున్నట్టు అనిపించి తల పైకి ఎత్తేస్తాం. చాలామంది అక్కడే భయపడి పడవ ఎక్కేస్తారు.

నాకు మా నాన్న పొలం బావిలో ఈత నేర్పారు. ఎండిన మునగ బెండ్లు నడుముకు కట్టి, మెట్ల మీద నుంచి ఒక్క తోపు తోశారు. ఇప్పుడు ఆ బావిలో నీళ్లు లేవు. మా ఊళ్లో నా తర్వాత పుట్టిన పిల్లల్లో ఈత వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. బాధగా ఉంటుంది. మీకు ఇంకా రెండు వారాలు ఉంది కాబట్టి మాస్కు, గొట్టం ఇప్పుడే కొనండి. పెద్ద బేసిన్‌లో నీళ్లు పోసి, రోజూ పది నిమిషాలు ముఖం ముంచి నోటితో ఊపిరి తీయడం అలవాటు చేయండి. గొట్టంలోకి నీళ్లు వస్తే గట్టిగా ఒక్కసారి ‘తూ’ అని ఊదాలి, నీళ్లన్నీ పైనుంచి పోతాయి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, పెద్దవాళ్లే కష్టపడతారు.

తిరుచానూరు_అక్క
జనవరి 6, ఉదయం 6:50

మేము పోయిన ఏడాది ఫిబ్రవరిలో వెళ్లాం. ఎవరూ ముందుగా చెప్పనివి రాస్తున్నాను తమ్ముడూ.

మీకు మీసాలు ఉంటే మాస్కులోకి నీళ్లు వస్తూనే ఉంటాయి. పై పెదవి దగ్గర రబ్బరు చర్మానికి అతుక్కోదు. మా వారు అరగంట సేపు మాస్కు తీసి నీళ్లు పారబోయడంతోనే గడిపారు, చేపను చూసింది లేదు. మీసం మీద కొద్దిగా వ్యాజిలిన్ రాస్తే కొంత నయమని గైడు తిరిగి వచ్చేటప్పుడు చెప్పాడు. ఆడవాళ్లు ముంగురులు మాస్కు కింద ఇరుక్కోకుండా చూసుకోవాలి, ఒక్క వెంట్రుక చాలు నీళ్లు కారడానికి. ఈ లెక్కన గుండు చేయించుకున్న మీ అబ్బాయికి మాస్కు అందరికంటే బాగా సరిపోతుంది. కానీ కొత్త గుండు, సముద్రపు ఎండ! తలకు గుడ్డ టోపీ తప్పనిసరి.

బోర్లా తేలుతాం కాబట్టి ముఖం నల్లబడదు, వీపు, పిక్కలు, మోకాళ్ల వెనక కాలిపోతాయి. వారం రోజులు నేను కాళ్లు మడిచి కూర్చోలేకపోయాను. పొడుగు చేతుల ఈత చొక్కా, పొడుగు లెగ్గింగ్ వేసుకోండి. ఒళ్లంతా సన్‌స్క్రీన్ పూసుకునే అవసరం కూడా తగ్గుతుంది. కొన్ని సన్‌స్క్రీన్‌లలో ఉండే ఆక్సీబెంజోన్ అనే రసాయనం పగడాలకు హాని చేస్తుందని హవాయిలో 2021 నుంచి అలాంటివి అమ్మడమే మానేయించారు.

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల క్రితం వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు. తెలుగు వచ్చిన గైడు కావాలని అడగండి. నీళ్లలో భయం వేసినప్పుడు మన భాషలో ఒక మాట వినబడితే ఆ ధైర్యమే వేరు.

గుడిపాల_టీచరమ్మ
జనవరి 6, మధ్యాహ్నం 2:15

నేను ఇరవై ఎనిమిదేళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ అమ్మాయి కోసం ఇది రాస్తున్నాను. దయచేసి చదివి వినిపించండి.

మనం పగడం అనగానే తాళిలో నల్లపూసల పక్కన గుచ్చుకునే ఎర్ర పూస గుర్తొస్తుంది. ఆ పూస ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరికే వేరే జాతిది. అది దిబ్బలు కట్టదు. నువ్వు చూడబోయేది దిబ్బలు కట్టే పగడం. పైకి రాయిలా, చెట్టులా ఉంటుంది కానీ జంతువు. ఒక్కో ప్రాణిని పాలిప్ అంటాం. చాలా వాటిలో అది బియ్యపు గింజంత కూడా ఉండదు. మెత్తటి సంచి, పైన నోరు, నోటి చుట్టూ సన్నటి వేళ్లు. అది తన కింద సున్నపు గిన్నె కట్టుకుంటుంది. వేలకు వేలు పాలిప్‌లు పక్కపక్కనే అలా కట్టుకుంటూ పోతే, వందల, వేల ఏళ్లకు దిబ్బ అవుతుంది.

దాని ఒంట్లో కంటికి కనబడని శైవలాలు, అంటే నాచు లాంటి చిన్న జీవులు, కాపురం ఉంటాయి. అవి ఎండలో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి, పగడం వాటికి చోటు ఇస్తుంది. మనకు కనబడే రంగుల్లో చాలా భాగం ఆ శైవలాలదే. ఎండ కావాలి కాబట్టే దిబ్బలు లోతు తక్కువ, నీళ్లు తేటగా ఉన్న చోట పెరుగుతాయి. పులికాట్ సరస్సులో ఎందుకు లేవని నా విద్యార్థులు ఏటా అడిగేవారు. బురద నీళ్లలో వెలుతురు దిగదు, అందుకే.

సముద్రపు అడుగులో పగడపు దిబ్బలు ఆక్రమించే చోటు ఒక శాతంలో పదో వంతు నుంచి అయిదో వంతు లోపే. సముద్ర జీవుల్లో సుమారు నాలుగో వంతు జాతులకు అవే ఆధారం.

ఇక నా ప్రార్థన ఒకటి. దాని మీద కాలు పెట్టకండి, చేయి వేయకండి. బండలా గుండ్రంగా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. మీ తలంత పగడం కనబడితే అది మీ పిల్లలకంటే వయసులో పెద్దదని గుర్తుంచుకోండి.

కాళహస్తి_కలంకారీ
జనవరి 6, సాయంత్రం 5:30

మేడం గారూ, అడగవచ్చో లేదో తెలియదు. మా ఇంట్లో చేపల తొట్టి ఉంది. ఒడ్డున చచ్చి పడి ఉన్న పగడం ముక్కలు ఉంటాయి కదా, వాటిలో ఒకటి తెమ్మని అడుగుదామనుకున్నాను. అదీ తప్పేనా?

చిత్తూరు_కోర్టు_వీధి
జనవరి 6, సాయంత్రం 6:05

తప్పే సోదరా, అదీ చిన్న తప్పు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి ఉన్నాయి. ఆ షెడ్యూల్‌లోనే పులి ఉంది. చచ్చినదా, బతికినదా అని తేడా లేదు, దగ్గర పెట్టుకోవడమే నేరం. విమానాశ్రయంలో సామాన్లు స్కాన్ చేసేటప్పుడు పట్టుబడి, పిల్లల ముందు తలదించుకున్న కుటుంబాన్ని నేను చూశాను. ఒడ్డున ఏరిన గవ్వల్లో కూడా కొన్ని జాతులు నిషేధంలో ఉన్నాయి. ఏదీ తేవద్దు.

గుడిపాల_టీచరమ్మ
జనవరి 6, రాత్రి 8:00

అడగడం తప్పు కాదు నాయనా, అడిగినందుకు సంతోషం. ఆ ఎండు ముక్కలే నలిగి నలిగి ఆ దీవుల తెల్ల ఇసుక అవుతాయి. వాటిని అక్కడే ఉండనివ్వాలి.

పుత్తూరు_డాక్టర్
జనవరి 6, రాత్రి 10:40

అమ్మగారి సంగతి: రక్తపోటు అదుపులో ఉండి, గుండె జబ్బు లేకపోతే నీళ్లలో దిగడానికి అడ్డు లేదు. అయినా వెళ్లే ముందు మీ డాక్టరుకు చూపించండి. ఆవిడకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. అడుగున అద్దం బిగించిన పడవలు ఉంటాయి, కూర్చుని చూడవచ్చు.

పడవలో వాంతులు అయ్యేవారు బయలుదేరడానికి గంట ముందు మాత్ర వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. ఖాళీ కడుపుతో వద్దు, కడుపు నిండా పూరీలు తిని కూడా వద్దు. రెండు ఇడ్లీలు చాలు. నీళ్లలో ఉన్నప్పుడు మాస్కు ముఖానికి అదిమినట్టు ఉంటే ముక్కుతో కొద్దిగా గాలి వదిలితే సర్దుకుంటుంది.

కళ్లజోడు మీద మాస్కు కూర్చోదు. అదే పవర్‌తో అద్దాలు బిగించిన మాస్కులు దొరుకుతాయి. అక్కడ ఇస్తామన్నా నమ్ముకోకుండా మీదే కొనుక్కోండి. అది లేకపోతే డబ్బు పోసి సముద్రం మీదికి వెళ్లి మసక చూసి వస్తారు.

మరొకటి. సిలిండర్‌తో లోతుకు దిగే స్కూబా చేస్తే, ఆ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. పైపైన తేలే స్నార్కెలింగ్‌కు ఆ నియమం లేదు.

నగరి_మగ్గం
జనవరి 7, ఉదయం 7:30

అండమాన్ ఖర్చు భరించలేని మాలాంటివారికి దగ్గరలో ఏమైనా ఉందా?

తిరుచానూరు_అక్క
జనవరి 7, ఉదయం 9:10

మన్నార్ సింధుశాఖ ఉంది. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులను 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. రామేశ్వరానికి తిరుపతి నుంచే రైలు ఉంది. అండమాన్ అంత తేట నీళ్లు అక్కడ ఉండవు కానీ పగడాలు ఉన్నాయి. లక్షద్వీప్ అద్భుతం, అయితే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, ఎక్కువమంది కొచ్చి నుంచి వెళ్తారు, ఖర్చు ఇంకా ఎక్కువ.

కొర్లగుంట_వాసి
జనవరి 15, రాత్రి 9:00

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పండుగ రోజుల్లో కూడా మా ఇంట్లో బేసిన్ సాధన ఆగలేదు. అబ్బాయి మూడు నిమిషాలు తల ఎత్తకుండా ఉంటున్నాడు. మా ఆవిడ మొదటి రోజు ఏడ్చింది, నిన్న తనంతట తానే వచ్చి కూర్చుంది. నాకు మైనస్ 3 మాస్కు వచ్చింది. మీసం తీసేశాను. డాక్టరు అమ్మను చూసి వెళ్లవచ్చన్నారు.

కొర్లగుంట_వాసి
జనవరి 30, రాత్రి 8:20

తిరిగి వచ్చాం. పెద్ద ఉత్తరమే రాయబోతున్నాను, ఓపిగ్గా చదవండి.

హావ్‌లాక్ జెట్టీ నుంచి ఉదయం ఎలిఫెంట్ బీచ్ వైపు పడవలో వెళ్లాం. మేము డబ్బు కట్టిన సంస్థవారు పవర్ మాస్కు, తెలుగు గైడు రెండూ ఇస్తామని ఫోనులో ఒప్పుకున్నారు. అక్కడికి వెళ్లాక మాస్కు లేదన్నారు. డాక్టరు గారి మాట విని కొనుక్కోబట్టి సరిపోయింది. గైడు మాత్రం మా అదృష్టం కొద్దీ తెలుగు కుర్రాడే వచ్చాడు. వాళ్ల తాతగారు టెక్కలి వైపు నుంచి వెళ్లారట. అతను పడవ ఆగగానే నీళ్లలోకి దించలేదు. ముందు పావుగంట కూర్చోబెట్టి మాట్లాడాడు. “కాళ్లు కిందికి వేలాడదీయవద్దు. భయం వేస్తే నిలబడాలని చూడవద్దు, వెల్లకిలా తిరగండి, జాకెట్ తేలుస్తుంది. చెయ్యి ఎత్తితే నేను వస్తాను.” మాస్కు అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రాసి కడగమన్నాడు. మా ఆవిడ మొహం చిట్లించింది కానీ రాసింది.

దిగిన క్షణం చెబుతాను. ముఖం ముంచగానే మొదట తెలిసింది చప్పుడు. సముద్రం లోపల నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. మా ఊళ్లో ఆడవాళ్లంతా కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తుంటే వచ్చే చిటచిట శబ్దం, అన్ని వైపుల నుంచి! చిన్న రొయ్యలు గోళ్లు చిటికె వేసే చప్పుడు అదని గైడు తర్వాత చెప్పాడు. చిలుక చేపలు పగడపు రాయిని ముక్కుతో గీకుతుంటే ఆ కరకర విడిగా వినబడింది. నీలం, ఆకుపచ్చ కలిసిన పట్టుచీర రంగు వాటిది. ఒకటి నా కళ్ల ముందే తోక కింద నుంచి తెల్లటి ఇసుక ధారగా వదిలింది. ఆ దీవుల ఇసుకలో కొంత భాగం ఇలా వచ్చిందేనట.

మెదడు పగడం చూశాం. మెలికలు మెలికలుగా గాడులు, అమ్మ మురుకులు ఒత్తినప్పటి చుట్టల్లా. ఇంకో చోట రాళ్ల మధ్య పెద్ద ఆలిచిప్ప నోరు తెరుచుకుని ఉంది, అంచులు నీలి మఖమల్‌లా. నా నీడ దాని మీద పడగానే మెల్లగా మూసుకుంది. నేను పక్కకు జరిగాను. చాలాసేపటికి తెరుచుకుంది. టీచరమ్మ గారూ, మీరు పగడం ప్రాణి అని రాశారు, చదివాను, ఒప్పుకున్నాను. కానీ నా నీడకే అక్కడ ఒకటి బెదిరిందని చూశాక ఒళ్లు జలదరించింది.

అబ్బాయి పువ్వుల్లా కనబడే సముద్ర ప్రాణుల మధ్య ఆడుతున్న నారింజ రంగు చేపలను వదిలి రానన్నాడు. అమ్మాయి ట్యూబు వదిలేసి, గైడు చెయ్యి పట్టుకుని తేలింది. మా ఆవిడ నలభై నిమిషాలు ఉంది! ఆఖరున నేనే పిలవాల్సి వచ్చింది.

ఇక బాధపెట్టిన సంగతి. మా పడవను గైడు నీళ్లలో తేలే బోయాకు కట్టాడు. మా తర్వాత వచ్చిన మరో పడవవాళ్లు లంగరు నేరుగా దిబ్బ మీదే పడేశారు. అందులోంచి దిగిన ఇద్దరు అలిసిపోయి కొమ్మల పగడం మీద నిలబడ్డారు. వాళ్ల గైడు ఆపకపోగా ఫొటో తీశాడు. మా గైడు అరిచాడు, నేనూ అరిచాను. వాళ్లు దిగేసరికి అరచేయంత కొమ్మ విరిగి ఇసుకలో పడి ఉంది. విరిగిన చోట లోపల సున్నంలా తెల్లగా ఉంది. మా అమ్మాయి దాని మీదే తేలుతూ ఉండిపోయింది. పైకి వచ్చి మాస్కు తీస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఉప్పు నీళ్లు కాదని నాకు తెలుసు. ఆ పడవ నంబరు రాసుకుని అటవీ శాఖ కౌంటరులో కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి వచ్చాను. తీసుకున్నారు.

మరుసటి రోజు కాక ఆ పైరోజు పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్ నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్లాం. అది 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కులో ఉంది. ప్లాస్టిక్ సీసాలు, సంచులు తీసుకెళ్లనివ్వరు, సంచీ తెరిచి చూస్తారు. ఆ కట్టుబాటు చూసి మనసుకు హాయిగా అనిపించింది, మన కొండ మీద కూడా ప్లాస్టిక్ సీసాలు లేవు కదా. అమ్మ అద్దం పడవలో కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “ఇంత సుకుమారమైనదాన్నా మనం తాళిలో గుచ్చుకునేది?” అంది. అది వేరే జాతి అమ్మా అని టీచరమ్మ గారి మాట చెప్పాను. “ఏదైనా ప్రాణమే కదా” అంది.

కొన్ని చోట్ల తెల్లగా, బూడిద రంగుగా పెద్ద పెద్ద మేరలు కనబడ్డాయి. అమ్మాయి అడిగింది, నాకు తెలియలేదు.

గుడిపాల_టీచరమ్మ
జనవరి 30, రాత్రి 10:15

చదువుతుంటే కళ్లు చెమర్చాయి నాయనా. అమ్మాయికి చెప్పండి: సముద్రపు నీరు మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తన ఒంట్లోని శైవలాలను బయటికి పంపేస్తుంది. రంగు పోయి, కింది సున్నపు ఎముక తెల్లగా కనబడుతుంది. అప్పటికి ఇంకా చావలేదు, ఆకలితో ఉంది. నీరు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగి చేరి కోలుకుంటుంది. లేకపోతే చచ్చి, పైన నాచు పట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. అండమాన్‌లో 2010లోనూ 2016లోనూ ఇలా జరిగింది. ప్రపంచమంతటా పగడాలు ఇలా తెల్లబడటం ఇది నాలుగోసారి అని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు, ఆ ఏడాది లక్షద్వీప్‌లో కూడా చాలా నష్టం జరిగింది. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్ వైపు నేల పైకి లేచి, ఎన్నడూ నీళ్లు వదలని దిబ్బలు ఎండకు బయటపడి చచ్చిపోయాయి.

విరిగిన కొమ్మ గురించి: కొమ్మల పగడాల్లో కొన్ని ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. పడిన ముక్క రాళ్ల మధ్య కదలకుండా ఇరుక్కుంటే మళ్లీ చిగురించవచ్చు. ఇసుకలో దొర్లుతూ ఉంటే బతకదు. అబద్ధం చెప్పి ఓదార్చవద్దు, ఆ అమ్మాయికి నిజం తట్టుకునే వయసు వచ్చింది.

చిత్తూరు_కోర్టు_వీధి
జనవరి 31, ఉదయం 8:00

ఫిర్యాదు కాగితం మీద ఇవ్వడం మంచి పని. దాని నకలు, ఇచ్చిన తేదీ జాగ్రత్తగా పెట్టుకోండి. నెల తర్వాత ఏమైందని తపాలాలో అడగండి. ఉత్తరం నేను రాసిపెడతాను, రుసుము వద్దు.

కుప్పం_బావి_ఈత
జనవరి 31, ఉదయం 8:45

వదిన గారు నలభై నిమిషాలు ఉన్నారన్న మాట చదివి నాకు ఎంత సంతోషం కలిగిందో! పిల్లలను వేసవిలో ఈతకు పంపండి అన్నా. ఈసారి ట్యూబు లేకుండా వెళ్లవచ్చు.

కాళహస్తి_కలంకారీ
జనవరి 31, మధ్యాహ్నం 1:20

నా తొట్టిలో పాత పగడం ముక్క ఒకటి ఉండేది, ఎప్పుడో ఎవరో ఇచ్చింది. నిన్న రాత్రి ఇది చదివాక నిద్ర పట్టలేదు. కోర్టు వీధి అన్నగారూ, దాన్ని ఏం చేయాలో చెప్పండి.

చిత్తూరు_కోర్టు_వీధి
జనవరి 31, మధ్యాహ్నం 2:00

పారేయవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. అటవీ శాఖ కార్యాలయంలో అప్పగించడం మంచిది. సోమవారం రండి, నేను వెంట వస్తాను.

నగరి_మగ్గం
జనవరి 31, రాత్రి 7:30

మేము మార్చిలో రామేశ్వరం వెళ్దామని నిర్ణయించుకున్నాం. నాకూ కళ్లజోడే, మైనస్ 2.75. పవర్ మాస్కు ఎక్కడ కొన్నారు, ఎంతయింది?

కొర్లగుంట_వాసి
జనవరి 31, రాత్రి 8:05

కొనకండి. నాది మైనస్ 3, మీకు సరిపోతుంది. మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి ఉంచాను. పిల్లల మాస్కులు రెండు, గొట్టాలు నాలుగు కూడా ఉన్నాయి. ఆదివారం తిరుపతి వస్తే ఇంటికి రండి, బేసిన్‌లో ఎలా చేయాలో మా అబ్బాయి చూపిస్తాడు.